డీకోడ్ అంటే ఇక్కడొకటి, అక్కడొకటి

పైథాన్‌లో పైజేడబ్ల్యూటీ, నోడ్‌లో జెసన్‌వెబ్‌టోకెన్. రెండు లైబ్రరీల పనీ ఒకటే: లాగిన్‌లో మనం ఇచ్చిన టోకెన్ తిరిగొచ్చినప్పుడు అది మనదేనా, మధ్యలో ఎవరైనా వేలు పెట్టారా అని తేల్చడం. హెచ్‌ఎస్256 అయితే లెక్క కూడా ఒకటే. చుక్కలతో విడగొట్టిన మూడు ముక్కల్లో మొదటి రెండింటికీ మన సీక్రెట్‌తో హెచ్‌మ్యాక్ కడతాయి. వచ్చిన 32 బైట్లు మూడో ముక్కతో సరిపోతేనే టోకెన్ చెల్లుతుంది. తేడా అంతా ఆ లెక్కను ప్రోగ్రామర్ చేతికి అందించిన తీరులో ఉంది.

డీకోడ్ అనే పేరే తీసుకోండి. పైజేడబ్ల్యూటీలో డీకోడ్‌ని పిలిస్తే సంతకం సరిచూశాకే లోపలి సమాచారం ఇస్తుంది, తప్పైతే ఎక్సెప్షన్ విసురుతుంది. జెసన్‌వెబ్‌టోకెన్‌లో అదే పేరున్న ఫంక్షన్ సంతకం జోలికే పోదు. బేస్64 విప్పి ఉన్నదున్నట్టు ఇచ్చేస్తుంది. అక్కడ సరిచూసేది వెరిఫై.

నోడ్ నుంచి పైథాన్‌కి వచ్చినవాళ్ళు సీక్రెట్ ఇవ్వకుండా డీకోడ్ రాస్తే వెంటనే ఎర్రర్ వస్తుంది, దిద్దుకుంటారు. పైథాన్ నుంచి నోడ్‌కి వెళ్ళినవాళ్ళు అలవాటు కొద్దీ అదే రాస్తే ఏ ఎర్రరూ రాదు. పాత అలవాటుతో సీక్రెట్ కూడా ఇచ్చినా నోడ్ డీకోడ్ దాన్ని వాడుకోదు. యూజర్ ఐడీ సరిగ్గానే వస్తుంది, మంచి టోకెన్లతో రాసిన టెస్టులన్నీ పాసవుతాయి. ఎవరైనా పేలోడ్‌లో రోల్ దగ్గర యూజర్ కొట్టేసి అడ్మిన్ అని రాసి పంపితే, అదీ అంతే సాఫీగా లోపలికి వస్తుంది.

మాట అర్థం ప్రకారం నోడ్‌దే ఒప్పు. డీకోడ్ అంటే విప్పడమే, నమ్మడం కాదు. సంతకం చూడదన్న హెచ్చరిక కూడా దాని డాక్యుమెంటేషన్‌లో ఉంది. అయినా నా ఓటు పైథాన్‌కే. అక్కడ సరిచూడకుండా చదవాలంటే వెరిఫై సిగ్నేచర్ ఫాల్స్ అని చేత్తో రాయాలి. రివ్యూ చేసేవాళ్ళ కంటికి ఆ మాట ఆనకుండా పోదు.

ఆల్గరిథమ్ విషయంలో తేడా చిన్నదే. టోకెన్ హెడర్‌లో ఉన్న ఆల్గరిథమ్‌ని నమ్మితే ఏమవుతుందో 2015లో భద్రతా పరిశోధకుడు టిమ్ మెక్లీన్ చూపించారు. 2020 చివర్లో వచ్చిన పైజేడబ్ల్యూటీ 2.0 నుంచి డీకోడ్‌కి ఒప్పుకునే ఆల్గరిథమ్‌ల జాబితా మనమే ఇవ్వాలి. నోడ్‌లో ఇవ్వకపోతే కీ రకాన్ని బట్టి ఎంచుకుంటుంది. మామూలు సీక్రెట్‌కి హెచ్‌ఎస్ కుటుంబమే కాబట్టి అక్కడ పెద్ద ముప్పు లేదు.

ఆడియెన్స్, అంటే టోకెన్ ఎవరి కోసమో చెప్పే ఫీల్డ్, అలా కాదు. ఒకే సీక్రెట్‌ని బిల్లింగ్, రిపోర్టుల సర్వీసులు రెండూ వాడుతుంటే, రిపోర్టుల కోసం ఇచ్చిన టోకెన్‌కి బిల్లింగ్‌లోనూ సంతకం సరిపోతుంది. టోకెన్‌లో ఆడియెన్స్ ఉండి మనం చెప్పకపోతే పైజేడబ్ల్యూటీ తిరస్కరిస్తుంది. జెసన్‌వెబ్‌టోకెన్ అడగకుండానే వదిలేస్తుంది. ఉమ్మడి సీక్రెట్ వాడేచోట ఇది చిన్న లోటు కాదు.

సీక్రెట్ పొట్టిదైతే మాత్రం ఏ లైబ్రరీ కాపాడలేదు. టోకెన్ ఒక్కటి దొరికితే చాలు, సర్వర్‌ని తాకకుండానే ఊహించి చూడొచ్చు. హెచ్‌ఎస్256కి కనీసం 256 బిట్లు ఉండాలని ఆర్‌ఎఫ్‌సీ 7518 చెబుతోంది.

మీ నోడ్ కోడ్‌లో జేడబ్ల్యూటీ డాట్ డీకోడ్ కోసం ఈరోజే వెతకండి. రిక్వెస్టుతో వచ్చిన టోకెన్ మీద అది కనిపిస్తే వెరిఫైకి మార్చి, ఆల్గరిథమ్, ఆడియెన్స్ రెండూ మీరే రాయండి.