తల వంచుకున్న దీపం

ఒక పెద్ద టేబుల్ లైటు, దాని పక్కన చిన్నది. కళ్లు లేవు, నోళ్లు లేవు, మాటల్లేవు. చిన్నది బంతి మీదికెక్కి గెంతుతుంది. బంతి గాలిపోయి చప్పబడుతుంది. దాన్ని తిరగేసి చూసుకుని, పెద్దదాని ముందు మెల్లగా తల వంచుకుంటుంది. 1986లో పిక్సార్ తీసిన రెండు నిమిషాల 'లక్సో జూనియర్' ఇది. ఎన్నోసారి చూస్తున్నా ఆ తల వాలే చోట నా గొంతు పట్టేస్తుంది. రేకూ స్ప్రింగులూ తప్ప ఏమీ లేని ఒంట్లోకి అంత సిగ్గు ఎక్కడిది?

ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఉన్న ఎడంలోంచి వచ్చిందది.

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. తల నిక్కి ఉన్నదొకటి, వాలిపోయినదొకటి: ఈ రెండు కీఫ్రేములూ యానిమేటర్ పెడితే మధ్యవి కంప్యూటర్ నింపుతుంది. ఊరికే నింపమంటే దూరాన్ని సమానంగా పంచేస్తుంది. తల రైల్వే గేటులా దిగుతుంది. ఈజింగ్ పెట్టి, అంటే ఆ దూరాన్ని ఒక వంపు గీత ప్రకారం పంచి చూడండి. బయల్దేరడానికి తటపటాయింపు, నడుమ ఒరవడి, చివర ఒదుగుబాటు. బాగా వాడుకలో ఉన్న ఒక వంపులో పావు వంతు సమయం గడిచినా ఆరో వంతు దూరమైనా సాగదు. నడిమి సగం సమయంలో మాత్రం మూడింట రెండు వంతులకు పైగా దాటేస్తుంది. మొదలూ చివరా అవే, పట్టిన సమయమూ అదే. పంపకం మారింది, అంతే. వస్తువు కాస్తా మనిషైంది.

ఉయ్యాల ఊగిన ఒంటికి ఈ లెక్క ముందే తెలుసు. కొసకు పోయేకొద్దీ నెమ్మదించి, లిప్తపాటు గాల్లో నిలిచినట్టై, మళ్లీ నడుమ దూసుకొస్తాం. చేత్తో బొమ్మలు గీసిన డిస్నీ కళాకారులకూ తెలుసు. కదలిక మొదలయ్యే చోటా ముగిసే చోటా మధ్య బొమ్మల్ని దగ్గర దగ్గరగా గీసేవారు. ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981 నాటి పుస్తకంలో చెప్పిన 12 సూత్రాల్లో ఇదొకటి. లక్సో దర్శకుడు జాన్ లాసెటర్ ఆ విద్యను కంప్యూటర్‌లోకి తెచ్చాడు.

నన్ను మరీ ముగ్ధుణ్ణి చేసేది ఈజింగ్ వద్దనుకునే చోటు. ఎగిరిన బంతి శిఖరం దగ్గర ఫ్రేములు ఒత్తుగా ఉంటాయి, కిందికొచ్చేకొద్దీ ఎడం పెరుగుతుంది. నేలను తాకే క్షణాన వంపు పుటుక్కున విరగాలి. అక్కడ కూడా మెత్తదనం పూశామా, బంతి బరువు పోతుంది, నీళ్లలో తేలుతున్నట్టుంటుంది. ఇప్పుడు వెబ్ పేజీకి 'ఈజ్' అని ఒక్క మాట రాస్తే తయారుగా ఉన్న వంపు వచ్చి కూర్చుంటుంది. (అలాంటి వంపులకు పేరిచ్చిన పియేర్ బెజియే రెనో కంపెనీలో కార్ల ఒంపుల కోసం ఆ గణితం వాడిన ఇంజినీరు, నాకది ఎంతో ఇష్టమైన సంగతి.) ఆ ఒక్క వంపునే ప్రతి బటన్‌కూ తొడిగేయడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. చిన్న దీపం గెంతే ముందు ఒళ్లు కుదించుకుంటుందే, ఆ వంపు వేరు. తల వంచుకున్న వంపు వేరు. ఎవరో ఒక్కొక్కదాని దగ్గరా కూర్చుని ఆలోచించారు.

సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సభలో ఈ సినిమా ప్రదర్శన అయ్యాక గ్రాఫిక్స్ పండితుడు జిమ్ బ్లిన్ ఓ ప్రశ్నతో వచ్చాడు. నీడలను లెక్కగట్టిన తీరు గురించి అడుగుతాడేమోనని లాసెటర్ బెరుకుపడ్డాడట. బ్లిన్ అడిగింది, ఆ పెద్ద దీపం అమ్మా, నాన్నా అని.