మూత లేని మిక్సీ

భోగి వారంలో చెన్నై తిరువొత్తియూరు సందుల్లో నడిస్తే ఇంటింటి చరిత్రా గుమ్మం బయటే కనిపిస్తుంది. 2006 నుంచి తమిళనాడు సర్కారు ఉచితంగా పంచిన చిన్న కలర్ టీవీలు, 2011లో మొదలైన ఉచిత మిక్సీలు, గ్రైండర్లు, ఫ్యాన్లు. ఇచ్చిన ప్రభుత్వాలు దిగిపోయినా ఇవి మాత్రం ఇన్నాళ్లూ అటకలెక్కి కూర్చున్నాయి.

ఎవరికో ఒకరికి ఇచ్చేస్తే సరి అనుకుంటాం. నన్నడిగితే అదీ వంటలాగే చేయి తిరగాల్సిన పని. మిక్సీనే తీసుకోండి. జార్ అడుగున కారుతోందంటే వాషర్ పోయినట్టు. మోటారు తిరుగుతూ బ్లేడు కదలకపోతే కప్లర్ పళ్లు అరిగినట్టు. రెండూ రిపేరు కొట్లో చిల్లర ఖర్చుతో తేలిపోయేవే. అవి మార్పించి, మూత వెతికి, ఒక్కసారి కొబ్బరి పచ్చడి రుబ్బి చూసి మరీ ఇవ్వాలి. మూత లేని మిక్సీని పనామె చేతిలో పెట్టి "తీసుకెళ్లమ్మా" అంటే మన చెత్త ఆమె నెత్తికెక్కించినట్టే. పాపం, కాదనలేదు కూడా.

బట్టలూ అంతే. 1999లో గూంజ్ సంస్థ పెట్టిన అంశు గుప్తా ఇచ్చే కిటుకు పట్టుకున్నారు. పల్లె జనం తమ ఊరికోసం బావి తవ్వుకుంటారు, బాట వేసుకుంటారు. ఆ కష్టానికి ప్రతిఫలంగా నగరం నుంచి వచ్చిన బట్టలు అందుతాయి. పుచ్చుకునేవాళ్లు తల దించుకోనక్కర్లేదు. 2015లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. దాని కన్నా నాకు ఈ పద్ధతే గొప్పగా తోస్తుంది.

స్టీలు సామాను దగ్గర మాత్రం నాకు చెయ్యాడదు. అమ్మమ్మ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించిన బిందె. కాయలాన్ కడైలో, అంటే పాతసామాను కొట్లో, కాటాకి పేరు కనబడదు, కిలోలే కనబడతాయి. అలాంటివి కొత్తగా కాపురం పెట్టినవాళ్లకిస్తాను. ఎవరి పేరని అడిగితే ఓపిగ్గా చెబుతాను; అడగకపోయినా చెబుతాననుకోండి.

ఇక మిగిలేది డబ్బా టీవీ. దాన్ని ఎవరూ చూడరు. పాతసామానువాడికి కావాల్సింది లోపలి రాగి చుట్ట. దానికోసం ట్యూబు పగిలిందంటే, సీసం కలిసిన ఆ గాజు కొడుంగైయూరు చెత్తగుట్టకు చేరినా, కాలువ గట్టున పడినా మా ఉత్తర చెన్నై నేలలోకే. 2025 అక్టోబరు నుంచి కార్పొరేషన్ వాళ్లు శనివారాల్లో పాత సోఫాలు, పరుపులు, ఎలక్ట్రానిక్ సామాను ఇంటికొచ్చి తీసుకెళుతున్నారు. 1913కి ఫోన్ చేస్తే చాలు, కాకపోతే చేతికి పైసా రాదు. పాతసామానువాడిచ్చే ఆ నాలుగు డబ్బులు వదులుకోమని మా వీధిలో అందరికీ చెబుతున్నాను. సగం మంది వింటున్నారు.