ఒక ఒరలో రెండు కత్తులు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. మా వీధిలోని డీటీపీ సెంటర్‌లో పాత డెస్క్‌టాప్ ఒకటి ఆ మాటను రోజూ కాదంటోంది. స్విచ్ నొక్కగానే తెర మీద చిన్న జాబితా పడుతుంది. పైన ఉబుంటు లినక్స్, కింద విండోస్. పది సెకన్ల లెక్క వెనక్కి నడుస్తుంటుంది. ఆలోగా బాణం మీటతో ఏది కావాలో చూపించి ఎంటర్ నొక్కాలి.

ఆ సెంటర్ నడిపే మా మిత్రుడికి రెండూ కావాలి. ఏళ్ల తరబడి కంపోజ్ చేసిన పుస్తకాలన్నీ అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. అవి తెరవాలంటే విండోస్ ఉండాల్సిందే. కొత్తగా వచ్చే పనంతా యూనికోడ్‌లోనే. దానికి లినక్స్ హాయిగా సరిపోతుంది. పాతదాన్ని వదిలేయకుండా కొత్తదాన్ని నేర్చుకోవడానికి దారి చూపింది, ఒకే కంప్యూటర్‌లో రెండింటినీ ఉంచే ఈ డ్యూయల్ బూట్.

ఇది సాధ్యమవడానికి కారణం ఒక్కటే: కరెంటు అందిన క్షణాన కంప్యూటర్‌కు విండోస్ తెలియదు, లినక్స్ తెలియదు. మదర్‌బోర్డు మీద మనం అలవాటుగా బయోస్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. అది మేలుకొని, ఇక ఎవరికి పగ్గాలు ఇవ్వాలో వెతుక్కుంటుంది. ఒకసారికి ఒకరే ఏలతారు. ఒరలో కత్తి ఎప్పుడూ ఒకటే. ఏ కత్తన్నది మాత్రం మన ఇష్టం.

ఆ వెతుకులాట చాలాకాలం ఒకే చోట ఆగేది. 1983 నుంచి, అంటే ఐబీఎం పీసీల కోసం వచ్చిన డాస్ 2.0 కాలం నుంచి, హార్డ్ డిస్క్ మొట్టమొదటి 512 బైట్లే ఆ చోటు. అందులో 446 బైట్లు బూట్ ప్రోగ్రాంకి, 64 బైట్లు వాటాల పట్టీకి, చివరి రెండు బైట్లు గుర్తుకి. ఆ పట్టీ పొలానికి పాసుపుస్తకం లాంటిది: ఏ వాటా ఎక్కడ మొదలై ఎంతవరకు పోతుందో అందులో రాసి ఉంటుంది. అసలు వాటాలు నాలుగే పట్టేవి. తరవాత ఎక్కించిన విండోస్ ఆ 446 బైట్ల మీద తన ప్రోగ్రాం రాసేసుకునేది; లినక్స్ డిస్క్‌లో భద్రంగానే ఉన్నా, దానికి వెళ్లే తలుపు మూసుకుపోయేది. ముందు విండోస్, తరవాత లినక్స్ అన్న సూత్రం అలా పుట్టింది.

తలుపు దగ్గర నిలబడి దారి చూపే ప్రోగ్రాంని బూట్‌లోడర్ అంటారు. లినక్స్ తొలినాళ్లలో ఆ పని లైలో చేసేది. తన పేరులోని నాలుగు అక్షరాలను ఒక్కొక్క మెట్టు దాటుతూ తెర మీద రాసేది. రెండు అక్షరాల దగ్గర ఆగిపోతే ఎక్కడ చిక్కుపడిందో అనుభవమున్నవాళ్లు ఇట్టే చెప్పేవారు. కానీ లినక్స్‌కి గుండెకాయ అయిన కెర్నల్ మార్చినప్పుడల్లా లైలోని మళ్లీ నడపాలి. మరిచిపోతే కొత్త కెర్నల్ లేవదు. 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టిన గ్రబ్ ఆ బాధ తప్పించింది. అది ఫైల్ సిస్టంను స్వయంగా చదవగలదు కనుక కెర్నల్‌ని పేరుపెట్టి వెతుక్కుంటుంది.

పాత బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చిన ఇప్పటి కంప్యూటర్లలో పద్ధతి ఇంకా మర్యాదగా ఉంది. పాత పట్టీ స్థానంలో జీపీటీ వచ్చింది, మామూలుగా 128 వాటాల దాకా రాసుకోవచ్చు. బూట్‌లోడర్ల కోసం ఒక చిన్న వాటా విడిగా ఉంటుంది. అందులో విండోస్‌కి ఒక ఫోల్డర్, ఉబుంటుకి ఒక ఫోల్డర్. ఒకే వసారాలోకి రెండు గదుల తలుపులు తెరుచుకున్నట్టు.

ఎక్కించే పని కష్టం కాదు, కానీ వరస తప్పకూడదు. మొదట ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. అది ఉన్నంతకాలం షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా నిద్రపోదు. సగం మెలకువలో ఉన్న డిస్క్ మీద లినక్స్ రాస్తే ఫైళ్లు పాడవుతాయి. ఆ తరవాత విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే సీ డ్రైవ్ కుదించి ఖాళీ జాగా తీయాలి. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌ని ముందు ఊరికే నడిపి వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూసుకొని, ఆ ఖాళీలోనే ఎక్కించాలి. డిస్క్ మొత్తం తుడిచేయమనే ఎంపిక జోలికి పోకూడదు. హద్దురాయి పాతేటప్పుడు రైతు ఎంత జాగ్రత్తగా ఉంటాడో ఇక్కడా అంతే జాగ్రత్త.

అన్నీ సరిగ్గా చేసినా మర్నాడు పొద్దున మిత్రుడు ఫోన్ చేశాడు. "అన్నా, ఇక్కడ పది గంటలైంది, విండోస్‌లో నాలుగున్నర చూపిస్తోంది!" సరిగ్గా అయిదున్నర గంటలు వెనక. అదే ఆధారం. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ ప్రపంచ ప్రామాణిక సమయం రాసి పెడుతుంది. విండోస్ దాన్నే స్థానిక సమయమని చదువుకుంటుంది. మనకూ గ్రీనిచ్‌కూ ఉన్న దూరం కాస్తా తెర మీదికి వచ్చింది. స్థానిక సమయమే రాయమని లినక్స్‌కి ఒక ఆదేశమిస్తే తగువు తీరింది.

ఇంత శ్రమ ఎందుకు, విండోస్‌లోనే వర్చువల్ మెషీన్‌గా లినక్స్ నడపొచ్చు కదా అంటారు. మెమరీ దండిగా ఉంటే అది మంచి దారే. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో ఇద్దరికీ ఒకేసారి వడ్డిస్తే ఎవరి కడుపూ నిండదు. డ్యూయల్ బూట్‌లో ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లకు మొత్తం కంచం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 అడిగే హంగులు లేవని పాత కంప్యూటర్లను తుక్కుకి వేయనక్కర్లేదు. ఇంటర్నెట్ పనులకు లినక్స్, పాత ఫైళ్లకు నెట్ లేకుండా విండోస్ అని పంచుకోవచ్చు.

ఈ విద్య చాలావరకు చేతి నుంచి చేతికి వచ్చింది. 2011 వరకు ఉబుంటు సీడీలు ఉచితంగా పోస్టులో వచ్చేవి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టం తయారుచేసింది. ఇన్‌స్టాల్ ఫెస్ట్ పెడితే తెలిసినవాళ్లు పక్కన కూర్చొని తెలియనివాళ్ల చేతే చేయించేవారు. సొంత డిస్క్‌ని ఒకసారి తన చేతులతో పంచుకున్న మనిషికి కంప్యూటర్ అంటే భయం పోతుంది. ఏ ఫైలు ఎక్కడుందో, ఏది చెరిగితే ఏం పోతుందో తెలిసిపోతుంది. ఈ సంప్రదాయం ఇచ్చే అసలు సంపద అదేనని నా నమ్మకం.

డీటీపీ మిత్రుడు మొదట్లో విండోస్‌నే పైన పెట్టించుకున్నాడు. మూడు నెలలకు ఎవరినీ అడక్కుండా వరస తనే మార్చుకున్నాడు. ఇప్పుడు మీటలేవీ ముట్టకపోతే ఉబుంటు వస్తుంది. పాత పుస్తకం ఏదైనా పునర్ముద్రణకు వచ్చిన రోజున మాత్రం బాణాన్ని కిందికి దింపుతాడు.