ఎవరి వంతు?

నవలకు విమర్శ ఉంది. సినిమాకు ఉంది. వంటకైతే చెప్పనే అక్కర్లేదు, రెండుపూటలా వింటూనే ఉన్నాం. వేసవి సెలవుల్లో పిల్లలు నేలమీద పరుచుకుని కూర్చునే ఆటకు విమర్శేమిటి అని మీరు నవ్వవచ్చు. కానీ ఆట కూడా ఒక మాట చెబుతుందండీ. కథ చెప్పినదాన్ని మనం వింటాం. ఆట చెప్పినదాన్ని మనమే చేసి చూస్తాం. అందుకే ఆటను ఇంకాస్త జాగ్రత్తగా చదవాలి. పదిమందిని కూర్చోబెట్టి ఊరిపనులకు దారి వెదకడానికి కూడా ఆటలు వాడుతున్న ఈ రోజుల్లో మరీనూ!

మన వైకుంఠపాళినే తీసుకోండి. పుణ్యానికి నిచ్చెన, పాపానికి పాము. నీతి గొప్పదే. తీరా ఆడేవాళ్ళ చేతిలో ఏముంది? గవ్వలు వెయ్యడం, పడిన పందేన్ని బట్టి పావు జరపడం. ఏ పుణ్యం చేస్తావమ్మా, ఏ పాపం మానుతావమ్మా అని అడిగే నాథుడు లేడు. పెద్దపాము నోట్లో పడితే, ఖర్మ అనుకుని మళ్ళీ కిందనుంచి మొదలెట్టడమే. ఓర్పు నేర్పుతుంది, కాదనను. నలుగురూ కలిసి ఒక పని తలపెట్టడం మాత్రం నేర్పదు.

మన ఇళ్ళలో ‘బిజినెస్’ అని ఆడే ఆటకు తల్లి మొనాపలీ. ఆ తల్లికీ ఒక తల్లి ఉంది. అమెరికాలో ఎలిజబెత్ మేగీ అనే ఆవిడ 1904లో ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ అనే ఆటకు పేటెంటు సంపాదించింది. భూమి కొద్దిమంది చేతుల్లో పడితే మిగతావాళ్ళు అద్దెలు కట్టికట్టి ఎలా చితికిపోతారో కళ్ళకు కట్టించాలని ఆవిడ తాపత్రయం. తరువాత దానికి రెండు రకాల నిబంధనలు పెట్టింది. ఒక పద్ధతిలో ఒకరు అందరినీ మింగి గెలుస్తారు. రెండో పద్ధతిలో సంపద పెరిగితే అందరికీ లాభం. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆవిడ పేటెంటును 500 డాలర్లకు కొనేసింది. మింగే ఆట లోకమంతా తిరిగింది, పంచుకునే ఆట అటకెక్కింది. పేరేమో చార్లెస్ డారో అనే ఆయనకు దక్కింది! ఆడవాళ్ళ ఆలోచనకు ఈ గతి పట్టడం మనకు కొత్త కాదు గాని, ఇందులో గమనించవలసింది మరొకటుంది. అదే పటం, అవే గళ్ళు. నిబంధన మారితే అదే మనిషి వేరే మనిషవుతాడు. పక్కవాడు దివాలా తీస్తే చప్పట్లు కొట్టే పిల్ల, రెండో పద్ధతిలో వాడు నిలబడాలని కోరుకుంటుంది. పిల్ల గుణం మారలేదు, ఆట మారింది.

ఈ కిటుకును మన ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే పరీక్షించి చూశారు. భూగర్భజలాల గురించి అక్కడ ఆడించిన ఆట ఫలితాలను పరిశోధకులు 2018లో ప్రకటించారు. ఆట చాలా తేలిక. ఎవరికి వారు ఒక పంట ఎంచుకోవాలి. నీరు ఎక్కువ తాగే పంటకు రాబడి ఎక్కువ, తక్కువ తాగేదానికి తక్కువ. అందరి వాడకం కలిపి నీటిమట్టంలోంచి తీసేస్తారు, వానకు కొంత తిరిగి చేరుతుంది. ఆట ముగిశాక ఊరంతా కూర్చుని మాట్లాడుకోవాలి. మరుసటి ఏడాది కాస్త మార్చి మళ్ళీ ఆడించారు.

ఏమైందంటారా? ఎలా ఆడారన్నదాన్ని బట్టి డబ్బులిచ్చినా పంట ఎంపికలో తేడా రాలేదు. ఆటమధ్య ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదటి ఏడాది పనిచెయ్యలేదు, రెండో ఏడాది చేసింది. చదువు, ఆడా మగా తేడా, ఇవేవీ అంత లెక్కలోకి రాలేదు. ఒకసారి ఆడి ఉన్న అనుభవమో, మార్చిన ఆట తీరో వాటిని మించిపోయింది. అన్నిటికంటె ముఖ్యం, ఆడిన ఊళ్ళలో నీటి లెక్కల రిజిస్టర్లు, వాడకానికి కట్టుబాట్లు పెట్టుకున్నవి, అదే కార్యక్రమంలో ఉండి ఆడని ఊళ్ళలో కంటె ఎక్కువ. ఆటలతోనే బావులు నిండవని పరిశోధకులే ఒప్పుకున్నారు. ఆ నిజాయితీ మెచ్చుకోవాలి.

ఇది ఎందుకు పనిచేసిందో మహిళా సంఘంలోనో, అపార్టుమెంటు సంఘంలోనో ఒక్కసారి కూర్చున్నవారికి తెలుస్తుంది. సమావేశమంటే ముందు కార్యదర్శి మాట్లాడాలి, తరువాత గొంతు పెద్దదైనవారు, ఆపైన టీ. ఆటలో అలా కుదరదు. వంతు వచ్చేదాకా పెద్దమనిషీ ఆగాలి, వంతు వస్తే నోరులేని కోడలూ పావు జరపాలి. ప్రజాస్వామ్యం అంటే మరేమిటండీ!

అయితే ఈ ఆటకున్న లోపమూ ఈ సుగుణంలోనే ఉంది. పటం మీద అందరూ సమానం. ఊళ్ళో కారు. ఒకరికి రెండు బోర్లు, ఒకరికి ఎండిన బావి, ఒకరికి సెంటు భూమి లేదు. పంట ఎంచుకోవడమే ఆట అయినప్పుడు, పొలం లేనివారి వంతు ఎక్కడ? వరి మానేసి నీళ్ళు మిగిల్చుకుందామని రైతులు చక్కగా ఒప్పందానికి వస్తే, నాట్ల కూలి పోయేది ఆవిడకే. తాగునీళ్ళు మోసేదీ ఆవిడే. ఆ ఒప్పందంలో ఆవిడ నష్టం రాసే గడి లేదు. ఆట తయారుచేసినవారి మనసు చెడ్డది కాదు. ఏ ఆటైనా తాను గీసిన గళ్ళవరకే చూడగలదు.

కనుక ఏ సంఘంలోనైనా ఇలాంటి ఆట పరిచినప్పుడు, ఎవరు గెలిచారన్నది చివరి ప్రశ్న. ఈ నిబంధన ఎవరు రాశారు? నచ్చకపోతే మనం మార్చుకోవచ్చా? ఇక్కడ కూర్చోనివారెవరు? ఈ మూడూ ముందు. మేగీ ఆట మనకు చెప్పేది మొదటి రెండూను. మూడోది మనమే అడగాలి. ఆట అయిపోయాక జరిగే కబుర్లే అసలు ఆట. వాటిని ఎగ్గొట్టి పటం మడిచేస్తే మిగిలేది కాలక్షేపం.

పిల్లలకు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. వంతు తప్పిస్తే పటం ఎత్తి అవతల పారేస్తారు. మనమే, పెద్దవాళ్ళమయ్యాక, వంతు పోయినా చిరునవ్వుతో టీ కప్పులు సర్దుతూ కూర్చుంటాం.