స్నైడర్–ఫెల్ప్స్ తీర్పు: ఒక వేదాంత విమర్శ

అమెరికా సుప్రీంకోర్టు 2011 మార్చి 2న స్నైడర్–ఫెల్ప్స్ వ్యాజ్యములో ఇచ్చిన తీర్పు అనేకమంది విశ్వాసులకు మింగుడు పడలేదు. తీర్పు సరియైనదే అని మా అభిప్రాయము. అయితే దానిని సమర్థించుటతో సంఘము బాధ్యత తీరదు.

2006 మార్చిలో, ఇరాక్‌లో మరణించిన ఒక యువ సైనికుని అంత్యక్రియలు మేరీల్యాండ్‌లోని ఒక కథోలిక దేవాలయములో జరిగాయి. కాన్సాస్ రాష్ట్రములోని టొపీకాకు చెందిన వెస్ట్‌బరో బాప్టిస్టు సంఘస్థులు ఏడుగురు సుమారు వెయ్యి అడుగుల దూరములో నిలిచి, సైనికులు చనిపోయినందుకు దేవునికి వందనములని వ్రాసిన ప్లకార్డులు ఎత్తిపట్టారు. స్వలింగ సంపర్కమును సహించిన దేశమును దేవుడు ఈ విధముగా శిక్షిస్తున్నాడని ఫ్రెడ్ ఫెల్ప్స్ బోధ. (ఈ సంఘము ఏ బాప్టిస్టు సమాఖ్యకూ చెందినది కాదని మన బాప్టిస్టు సోదరులు గమనించగలరు.) మృతుని తండ్రి దావా వేయగా జ్యూరీ కోటి డాలర్లకు పైగా పరిహారము విధించింది. చివరకు సుప్రీంకోర్టు 8–1 తేడాతో వెస్ట్‌బరో పక్షమున నిలిచింది.

ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ వాదనలో బలమైన అంశమొకటి ఉంది. మాట ఎంత దారుణముగా ఉన్నదన్నదే కొలత అయితే, శిక్ష జ్యూరీ సభ్యుల ఇష్టాయిష్టములపై ఆధారపడుతుంది. ఆ కొలత అమలైతే మొదట నోరు మూయవలసినది వీధి సువార్తికుడే. అదే 2006లో కొన్ని క్రైస్తవ సంఘముల అభ్యంతరముల నేపథ్యములో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘ది డావిన్సీ కోడ్’ చిత్రమును నిషేధించగా హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేసింది. నొచ్చుకొనుట హక్కుగా అడిగినవారిలో మనమూ ఉన్నాము.

జస్టిస్ అలిటో భిన్నతీర్పును మాత్రము కాపరులు తప్పక చదవాలి. దుఃఖములో ఉన్న ఒక కుటుంబముపై జరిగిన దాడిగా ఆయన దీనిని చూశాడు. ఆ తలిదండ్రులనే నిందిస్తూ వెస్ట్‌బరో తరువాత ఇంటర్నెట్‌లో పెట్టిన రచనను మిగిలిన న్యాయమూర్తులు విచారణ పరిధిలో లేదని పక్కన పెట్టారు. తీర్పులో బలహీనమైన చోటు ఇదే.

ఇక న్యాయస్థానము చెప్పలేనిది ఒకటుంది. లూకా 13:1-5లో సిలోయము గోపురము కూలి చనిపోయిన పద్దెనిమిదిమంది ఇతరులకంటె పాపులని ప్రభువు ఒప్పుకొనలేదు. మారుమనస్సు పిలుపును వింటున్నవారి వైపే త్రిప్పాడు. వెస్ట్‌బరో దానిని శవపేటిక వైపు త్రిప్పింది. ఇది తప్పుడు వ్యాఖ్యానమని తేల్చే అధికారము ఏ కోర్టుకూ లేదు, ఉండకూడదు కూడా. అది వేదాంత విద్యార్థుల పని. సునామీ, తుపానుల తరువాత మన ప్రసంగ వేదికలపై వినబడే తీర్పు ప్రసంగములను సైతము ఇదే వాక్యభాగముతో సరిచూడవలసియున్నది. ప్లకార్డులు లేవన్న మాటే గాని, వాటిలో కొన్నింటి వ్యాఖ్యానము టొపీకాకు అంత దూరములో లేదు.