రసవాది దుకాణము: ఒక కంప్యూటరు ఆట గుణదోషములు

నాయుడుపేట ప్రాంతములో జలుబు చేసిన పిల్లవానికి ఇంటి పెద్దలు శొంఠి, మిరియాలు నూరి కషాయము కాచి ఇవ్వడము ఈనాటికీ ఉన్నది. కల్వములో నూరే చప్పుడు, కాగుతున్న నీటి ఆవిరి, అందులోనుంచి వచ్చే ఘాటు ఇవన్నీ కలిసి పిల్లల మనస్సులో మందు కాచే పనికి ఒక వింత ఆకర్షణను కల్పిస్తాయి. అదే ఊరికి సమీపమున మేనకూరు పారిశ్రామికవాడలో ఆధునికమైన ఔషధ కర్మాగారములు కూడా ఉన్నవి. కల్వమునుండి కర్మాగారము వరకు ఉన్న దూరమెంత? ఆ దారిలో మానవుడు నేర్చుకొన్న పాఠములేవి? ఈ ప్రశ్నలు వేసుకోవడానికి ఈనాటి బాలబాలికలు ఆడుకొనే ఒక కంప్యూటరు ఆట మంచి అవకాశము కల్పిస్తున్నది.

ఆ ఆట పేరు 'పోషన్ క్రాఫ్ట్'. నైస్‌ప్లే గేమ్స్ అనే సంస్థ దీనిని రూపొందించగా టైనీబిల్డ్ అనే సంస్థ ప్రచురించినది. 2021లో తొలిరూపమున వెలువడి, 2022 డిసెంబరులో పూర్తిరూపము పొందినది. ఇందులో యుద్ధములు లేవు, పరుగు పందెములు లేవు. ఆడేవాడు పాడుబడిన ఒక ఇంటిలో చేరిన రసవాది. పెరటి తోటలో మూలికలు, పుట్టగొడుగులు కోసుకొంటాడు, కల్వములో నూరుతాడు, కాగులో వేసి తెడ్డుతో కలుపుతాడు, తిత్తి ఊది మంట పెంచుతాడు. తయారైన మందును దుకాణానికి వచ్చినవారికి బేరమాడి అమ్ముతాడు. తెరమీది చిత్రములన్నీ మధ్యయుగపు ఐరోపా వ్రాతప్రతులలోని బొమ్మలవలె గీయబడినవి.

ఆట ఆకర్షణ ఎక్కడ ఉన్నది?

మొదటి ఆకర్షణ తొందర లేకపోవడము. వచ్చినవాడు ఎంతసేపైనా నిలుచుంటాడు. గడియారము వెంట తరమదు. మందు చెడిపోతే నాలుగు ఆకులు వృథా అవుతాయి, అంతే. పరీక్షల ఒత్తిడిలో ఉన్న విద్యార్థికి ఇట్టి చోటు ఒకటి ఉండడము తప్పుకాదు.

రెండవది చేతిపని. మీట నొక్కగానే మందు సిద్ధము కాదు. రోకలిని కదిపితేనే ఆకు నలుగుతుంది, తెడ్డును త్రిప్పితేనే ద్రవము కదులుతుంది. పనిలోని ప్రతి మెట్టూ కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది.

మూడవది ముఖ్యమైనది. ఈ ఆటలో మందుల తయారీ ఒక పటము మీద జరుగుతుంది. పటము మధ్య ఒక సీసా బొమ్మ ఉంటుంది. ఒక్కొక్క మూలికకు ఒక్కొక్క దారి నిర్ణయింపబడినది. మూలికను కాగులో వేసి కలిపినకొద్దీ సీసా ఆ దారివెంట కదులుతుంది. పటము మీద మంచు కప్పినట్లున్న చోట్లలో ఫలితములు దాగి ఉన్నవి: ఒకచోట గాయములు మాన్పే గుణము, ఒకచోట విషము, ఇంకొకచోట అగ్ని. సీసాను సరిగా ఆ చోటికి చేర్చి తిత్తి ఊదితే మందు తయారవుతుంది. ఎంత సరిగా చేరితే మందు అంత శక్తిమంతము. అందులో మూడు తరగతులు కలవు. దారిలో ఎముకలు పరచిన ప్రమాదస్థలములున్నవి. వాటిలో ఎక్కువసేపు నిలిస్తే మందు నశిస్తుంది. ఆడేవాడు తాను వెదకి కనుగొన్న యోగమును పుస్తకములో భద్రపరచుకోవచ్చును. తెలియని దేశమునకు దారి తానే కనుగొన్నాననే సంతోషము ఈ ఆటకు ప్రాణము.

ఆటలో దాగిన గణితము

ఉపాధ్యాయులు ఇక్కడ కొంచెము ఆగి చూడవలెను. ఈ పటము సదిశరాశుల సంకలనమే. ఒక మూలిక సీసాను తూర్పుకు 3 గళ్లు, మరొకటి ఉత్తరానికి 4 గళ్లు జరిపితే, సీసా మధ్యబిందువునుండి 5 గళ్ల దూరములో ఉంటుంది. ఏది ముందు వేసినా చేరే చోటు ఒకటే; నడిచే దారి మాత్రమే మారుతుంది. దారిలో ఎముకలు ఉన్నందువలననే వరుసను గురించి ఆలోచించవలసి వస్తుంది. కాగులో నీరు పోస్తే సీసా తిన్నగా మధ్యబిందువువైపు జరుగుతుంది. కనుక నీరు మధ్యలో పోసినప్పటి ఫలితము వేరు, చివర పోసినప్పటి ఫలితము వేరు. తొమ్మిదవ తరగతి పిల్లలకు గళ్ల కాగితము మీద ఈ సంగతి చూపిస్తే సమన్వయ జ్యామితి పాఠము తేలికగా పట్టుబడుతుంది.

నూరడములోనూ కొంత సత్యమున్నది. ఆకును ఎంత మెత్తగా నూరితే దాని దారి అంత పొడవవుతుంది. నిజమైన రసాయనశాలలో కూడా పొడిచేసిన పదార్థము త్వరగా కరుగుతుంది, త్వరగా చర్య జరుపుతుంది. ఒక సెంటీమీటరు భుజముగల ఘనము ఉపరితలము 6 చదరపు సెంటీమీటర్లు. దానిని మిల్లీమీటరు భుజముగల 1000 ముక్కలు చేస్తే మొత్తము ఉపరితలము 60 చదరపు సెంటీమీటర్లవుతుంది. పదార్థము అంతే, చర్య జరిగే తలము పదిరెట్లు. అమ్మమ్మలు శొంఠిని ముక్కగా వేయక నూరి వేయడములోని రహస్యమిదే.

ప్రకృతి పటము వేరు

ఇంతవరకు ఆటను మెచ్చుకొనవచ్చును. ఐతే దీనిని ఆడి రసాయనశాస్త్రము నేర్చుకొన్నానని విద్యార్థి అనుకొంటే అక్కడ చిక్కు వస్తుంది.

ఆటలో సీసాను తూర్పుకు జరిపి, తిరిగి అంతే పడమటికి జరిపితే అది బయలుదేరిన చోటికి వస్తుంది. వేసిన రెండు మూలికలూ ఒకదానినొకటి రద్దుచేసుకొని ఏమీ మిగలనట్లే లెక్క. ప్రకృతిలో ఇట్టి రద్దు లేదు. ఆమ్లము, క్షారము ఒకదాని గుణమును మరొకటి పోగొడతాయి, నిజమే. కాని 40 గ్రాముల సోడియం హైడ్రాక్సైడుతో 36.5 గ్రాముల హైడ్రోక్లోరికామ్లము కలిస్తే 58.5 గ్రాముల ఉప్పు, 18 గ్రాముల నీరు ఏర్పడతాయి. వేడి కూడా పుడుతుంది. అటు 76.5, ఇటు 76.5. పదార్థము ఎక్కడికీ పోదు, రూపము మార్చుకొంటుంది. పద్దెనిమిదవ శతాబ్దాంతమున లావోయిజర్ త్రాసు చేతబట్టి స్థాపించిన ఈ సూత్రముతోనే రసవాదము రసాయనశాస్త్రముగా మారినది. ఆటలోని రసవాది దగ్గర కల్వమున్నది, కాగు ఉన్నది, తిత్తి ఉన్నది. త్రాసుకు మాత్రము మందు తయారీలో పని లేదు.

రెండవ లోపము ఇంకా లోతైనది. ఆట పటములో దగ్గరగా ఉన్న చోట్ల ఫలితము కొద్దిగానే మారుతుంది; గురి కొంచెము తప్పితే మందు కొంచెము బలహీనమవుతుంది. అణువుల లోకములో చిన్న అడుగుకు పెద్ద మార్పు రావచ్చును. దీనికి ఉదాహరణ మన తెలుగువారి చరిత్రలోనే ఉన్నది. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో తన బృందముతో కలిసి ఫోలికామ్లమును గురించి కృషి చేశారు. అది రక్తవృద్ధికి అవసరమైన విటమిను. దాని అణువులో ఒక హైడ్రాక్సిల్ సముదాయమునకు బదులు అమైనో సముదాయము ఉంచగా అమినోప్టెరిన్ అనే పదార్థము వచ్చినది. పటము మీద చూస్తే ఇది పక్కగడి. గుణములో మాత్రము విటమినుకు విరోధి, కణముల వృద్ధిని అడ్డగించేది. ఆ అడ్డగింపునే ఆధారము చేసుకొని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరుతో బాధపడే పిల్లలకు ఈ మందు ఇచ్చి, 16 మందిలో 10 మందికి గుణము కనిపించినదని 1948లో ప్రకటించాడు. ఆ గుణము తాత్కాలికమే. కాని ఆ వ్యాధికి మందుతో చికిత్స సాధ్యమనే ఆశకు అది నాంది. విటమినుకూ దాని విరోధికీ మధ్య ఉన్నది అంత చిన్న భేదము. ఇట్టి ఆశ్చర్యమునకు ఈ ఆట పటములో చోటు లేదు.

కాగులో పోసిన ద్రవము

మూడవ లోపము అన్నిటికంటె గంభీరమైనది. ఆటలో మందును నీటిలోనైనా కాచవచ్చును, నూనెలోనైనా కాచవచ్చును. నూనె పోస్తే పటము మారుతుంది, అంతకంటె ప్రమాదమేమీ లేదు. నిజ జీవితములో మందును కరిగించే ద్రవమే ప్రాణము తీసిన సందర్భములున్నవి. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడు అనే మంచి మందును పిల్లలు త్రాగడానికి వీలుగా ద్రవరూపమున తయారుచేశారు. అది నీటిలో సరిగా కరగదు గనుక డైఇథిలీన్ గ్లైకాల్ అనే తియ్యని ద్రవములో కరిగించారు. రుచి చూశారు, వాసన చూశారు, రంగు చూశారు; విషగుణమున్నదా అని మాత్రము పరీక్షించలేదు. అట్లా పరీక్షించి తీరవలెననే చట్టము ఆనాడు లేదు. నూరుమందికి పైగా మరణించారు. వారిలో పిల్లలు అనేకులు. ఆ మరుసటి సంవత్సరమే అమెరికాలో కొత్త చట్టము వచ్చినది.

ఇది పాత కథ అని తోసివేయడానికి వీలులేదు. 2022లో గాంబియా దేశములో అనేకమంది పిల్లలు మరణించిన తరువాత, మన దేశమునుండి వెళ్లిన దగ్గుమందులలో ఇదే విషము ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించినది. 2025లో మధ్యప్రదేశములోని ఛింద్వాడా జిల్లాలో పిల్లలు చనిపోయినప్పుడు కూడా దగ్గుమందులో అదే పదార్థము కనబడినది. సీసాలోని మందు మంచిదే కావచ్చు. దానిని మోసే ద్రవమును ప్రతి విడతలో పరీక్షించకపోతే ఫలితము ఇట్లా ఉంటుంది. నాయుడుపేటలో ఈనాడు చదువుకొంటున్న విద్యార్థులలో కొందరు రేపు మేనకూరులోనో, హైదరాబాదులోనో అట్టి పరీక్షలు చేసే బల్లముందు కూర్చోవచ్చును. "ఎట్లాగూ సరిగానే ఉంటుంది" అనే అలవాటు వారికి ఆటలోనుంచి రాకూడదు.

ఆటలోని రసవాదికి ఈ భయము లేకపోవడానికి కారణమేమనగా, మందు పనిచేసినదో లేదో చెప్పేది ధర మాత్రమే. కొనేవాడు నాణెములిచ్చి వెళ్లిపోతే మందు మంచిదే అన్నట్లు. వాడు ఇంటికి వెళ్లి త్రాగిన తరువాత ఏమైనదో తెరమీద కనిపించదు. శాస్త్రము మొదలయ్యేది సరిగా అక్కడనే. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు స్కర్వీ రోగులు 12 మందిని ఇద్దరిద్దరు చొప్పున ఆరు జట్లు చేసి, జట్టుకొక చికిత్స ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మపండ్లు తిన్న ఇద్దరే త్వరగా కోలుకొన్నారు. అతడు రోగుల వెంట నిలిచి చూశాడు. ఒక చికిత్స పొందిన జట్టును వేరు చికిత్స పొందిన జట్లతో పోల్చాడు. ఈ రెండు పనులకూ ఆటలో అవకాశము లేదు.

రసవాదులకు అన్యాయము

ఒక్క విషయములో ఈ ఆట పూర్వపు రసవాదులకు న్యాయము చేసినట్లే చేసి కొంత అన్యాయము చేసినది. పరుసవేది తయారీలోని నలుపు, తెలుపు, పసుపు, ఎరుపు దశలను ఐరోపా రసవాదుల గ్రంథములలో ఉన్న వరుసలోనే చూపించినది, ఇది మెచ్చదగినదే. కాని రసవాదుల జీవితములో అధికభాగము వైఫల్యమే. 1669లో హెన్నిగ్ బ్రాండ్ మూత్రమును కాచి బంగారము తీయబోయి భాస్వరము కనుగొన్నాడు. వెదకినది ఒకటి, దొరికినది మరొకటి. మన దేశములో నాగార్జునుని పేర, శ్రీపర్వతము పేర ప్రసిద్ధమైన రససిద్ధుల సంప్రదాయములో పాదరసము, గంధకము కలిపి నూరితే నల్లని కజ్జలి వస్తుందనీ, దానిని తగినరీతిగా వేడిచేస్తే ఎర్రని రససింధూరము వస్తుందనీ ఎరుగుదురు. రెండూ పాదరస గంధకిదమే. స్ఫటిక నిర్మాణము వేరు గనుక రంగు వేరు. ఇంతటి విచిత్రము కల్పిత మూలికల పటములో వెదకినా దొరకదు. పైగా పాదరస సమ్మేళనములు విషపూరితములనే సంగతి ఆ విచిత్రము వెంటనే ఉన్నది. ఇవి ఇంటిలో చేసి చూడదగిన పనులు కావు.

ఉపాధ్యాయులకు

అట్లాగని ఈ ఆటను నిషేధించవలసిన పనిలేదు. దానికి జోడుగా బల్లమీద ఒక చిన్న ప్రయోగము చేస్తే చాలును. పసుపు కలిపిన నీటిలో కొద్దిగా సున్నపు తేట పోస్తే ఎర్రబడుతుంది. నిమ్మరసము పిండితే తిరిగి పసుపు రంగు వస్తుంది. "ఆటలో వలె మొదటి చోటికే వచ్చినామా?" అని అడగవలెను. చాలమంది అవుననే అంటారు. అప్పుడు గ్లాసులో ఇప్పుడేమున్నదో వ్రాయమనవలెను. సున్నము, నిమ్మలోని ఆమ్లము కలిసి కాల్షియం సిట్రేటు అనే లవణమైనది. నీరు కూడా పెరిగినది. రంగు వెనుకకు వచ్చినది గాని పదార్థము వెనుకకు రాలేదు. ఈ ఒక్క సంగతి తెలిసిన పిల్లవాడు ఆ తరువాత ఆటను మరింత సంతోషముగా ఆడతాడు, మోసపోకుండా ఆడతాడు.

పోషన్ క్రాఫ్ట్ వెదకడములోని ఆనందమును చక్కగా రుచి చూపిస్తుంది. ఓపికను, చేతిపని మీద గౌరవమును నేర్పుతుంది. ఈ గుణములు శాస్త్రజ్ఞునికి అవసరమైనవే. కాని తూచడము, పోల్చడము, మందు త్రాగినవానికి ఏమైనదని విచారించడము, ఈ మూడూ అందులో లేవు. ఆ మూడింటిని నేర్పవలసినది పాఠశాల. ఆట చాలించి లేచిన విద్యార్థి ఇంటిలోని దగ్గుమందు సీసాను చేతబట్టి, దానిమీద వ్రాసిన పదార్థముల పేర్లు, విడత సంఖ్య, గడువు తేదీ చదివితే అతని శాస్త్రాధ్యయనము ఆరంభమైనట్లే.