వంత పాడితే తప్పేంటి?

"వాడికి వీడు వంత పాడుతున్నాడు" అంటే మన భాషలో తిట్టే. సొంత బుద్ధి లేదని, తల ఊపడం తప్ప ఇంకేం చేతకాదని. ఈ మాటను ఎవరు పుట్టించారో గాని, బుర్రకథ ముందు వరసలో కూర్చుని చూసినవాళ్లు మాత్రం అయ్యుండరు. అక్కడ కథలో సగం బరువు మోసేది వంతలే. కథకుడు ఉరకలు వేస్తుంటే "ఆగాగు, ఆ రాజు ఎవరు? ఆయనకేం పోయేకాలం?" అని పట్టుకుని ఆపేది వాళ్లే. పల్లెటూరి హైస్కూల్లో ఇరవయ్యేళ్లకు పైగా తెలుగు చెప్పాక నాకు తేలిందేమిటంటే, పిల్లలకు మాట్లాడటం నేర్పాలంటే ముందు వంత పాడటం నేర్పాలి.

మన బళ్లలో మాట్లాడటం అంటే ఉపన్యాసం. పంద్రాగస్టు వస్తోందంటే వారం ముందు అయ్యవారు రాసిచ్చిన రెండు పేజీలు పిల్లాడు బట్టీ పడతాడు. "సభాధ్యక్షులకు, పూజ్యులైన గురువులకు" అంటూ మొదలుపెట్టి, చూపు ఎక్కడో వేపచెట్టు కొమ్మల్లో పెట్టి, ఒక్క ఊపిరిలో అప్పజెప్పేస్తాడు. నడుమ ఒక్క మాట జారిందా, మళ్లీ "సభాధ్యక్షులకు" నుంచే. చప్పట్లు కొట్టినవాళ్లలో విన్నవాళ్లెందరో దేవుడికే ఎరుక. ఇది జ్ఞాపకశక్తికి పరీక్షే గాని మాటకు కాదు. పాఠ్యపుస్తకాల్లో వినడం, మాట్లాడటం అని అభ్యాసాలు లేకపోలేదు. వాటికి జవాబు చెప్పేది ముందు బెంచీలో ఇద్దరే. పదో తరగతి పెద్ద పరీక్ష కాగితం మీదే కదా, నోటి సంగతి ఎవరికి కావాలి?

చెప్పేవాడి మాట నిలవాలంటే వినేవాడూ నోరు విప్పాలన్న గుట్టు మన అమ్మమ్మలకు తెలుసు. కథ మొదలుపెట్టే ముందే "ఊ కొట్టాలి మరి" అని షరతు పెట్టేవాళ్లు. ఊ ఆగిందంటే కథా ఆగేది. వినేవాడు నిద్రపోయాడనో, అర్థంకాక దిక్కులు చూస్తున్నాడనో చెప్పేవాళ్లకు అలా తెలిసేది. ఆ ఊ కొట్టే మనిషినే బుర్రకథ వేదిక ఎక్కించింది. చేతికి గుమ్మెట అనే వాద్యం ఇచ్చింది, నోటికి ప్రశ్న ఇచ్చింది.

బుర్రకథకు మూలం జంగం కథ. తంబుర కథ, తందాన కథ అని కూడా అంటారు. నడుమ కథకుడు: తలపాగా, పొడుగు అంగీ, కాళ్లకు గజ్జెలు, భుజాన తంబుర, వేళ్లకు అందెలు. ఇరుపక్కలా ఇద్దరు వంతలు. ఒకడిది హాస్యం, ఇంకొకడిది రాజకీయం. 1943లో ప్రజానాట్యమండలి అనే కళాకారుల సంస్థ వచ్చాక ఈ కళ పౌరాణిక కథల హద్దు దాటి కరువునూ, కౌలు రైతునూ ఎత్తుకుంది. గుంటూరు దగ్గర పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధంతో పాటు బెంగాల్ కరువునూ బుర్రకథగా చెప్పారు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మోటూరి ఉదయం నాయకత్వంలో ఆడవాళ్ల దళం కూడా ఊరూరా తిరిగింది. నాటి మద్రాసు, నిజాం ప్రభుత్వాలు బుర్రకథను నిషేధించాయంటే, ముగ్గురు మనుషులూ ఒక తంబురా కలిసి ఎంత దూరం వినపడ్డారో ఊహించుకోవచ్చు.

తరగతికి పనికొచ్చే విద్య ఇందులో ఎక్కడుందో చూద్దాం. కథకుడు ఒక చరణం పాడగానే వంతలు దాని కొసను అందుకుంటారు, లేదా తందాన తాన అంటారు. ఆ నాలుగు క్షణాల్లో కథకుడు ఊపిరి పీల్చుకుంటాడు, తరువాతి మాట వెతుక్కుంటాడు. ఒంటరిగా నిలబడి ఉపన్యాసం చెప్పే పిల్లాడికి లేనిది సరిగ్గా ఆ నాలుగు క్షణాలే. మాట మరిచిపోతే వాడికి దిక్కు లేదు. బుర్రకథలో అయితే వంత "తరవాతేమైందంటావు?" అని గుర్తుచేస్తాడు, చూసేవాళ్లకు అదీ కథలో భాగమే అనిపిస్తుంది.

కాళ్ల సంగతి వేరే చెప్పాలి. భయం ముందు మోకాళ్లలోకి వస్తుంది. కథకుడు మాత్రం నిలబడి మాట్లాడడు. దరువుకు తగ్గట్టు ముందుకు నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు వేస్తూనే ఉంటాడు. అడుగు పడుతున్న కాలు వణకదు. ఈ ఒక్క కిటుకు పట్టుకుని, మా బడిలో మాట్లాడమంటే ఏడ్చే పిల్లలను కూడా నడిపించి మాట్లాడించాను.

అన్నిటికన్నా విలువైనది పాట తరువాత వచ్చే వచనం. పాడిన చరణాన్నే కథకుడు మామూలు మాటల్లో మళ్లీ విప్పి చెబుతాడు. పద్యానికి తాత్పర్యం రాయమంటే గైడు చూసి దించే పిల్లవాడు, పక్కన హాస్యగాడు "నాకేం అర్థం కాలేదు బాబూ" అని నిలబడితే తన సొంత మాటల్లో చెప్పక తప్పదు. ఇంకో పక్క రాజకీయం ఊరుకోడు. "అప్పుడే కాదు, ఇప్పుడూ అంతేగా" అని కథను వీధిలోకి లాగుతాడు. ఒకడు విడమర్చి చెప్పాలి, ఒకడు అర్థం కాలేదని ధైర్యంగా ఒప్పుకోవాలి, ఒకడు వాదించాలి. ఈ మూడూ రోజూ మనం చేసే సంభాషణే.

ఇక మా అనుభవం. ముగ్గురేసి చొప్పున పిల్లల్ని జట్లు చేస్తాను. గుమ్మెటలు ఎక్కడివి? ఖాళీ ప్లాస్టిక్ డబ్బా చాలు. ఐదు నిమిషాల కథ. పూర్తిగా రాసుకోవడం నిషేధం, చీటీ మీద వరసక్రమం ఆరేడు మాటల్లో ఉండొచ్చు. మొదటి వారం అందరూ గుంపుగా వంత పాడతారు. గొంతు వినపడుతుందన్న సిగ్గు గుంపులో కరిగిపోతుంది. తరువాత ప్రశ్నలు. కథకుడి వేషం ఆఖర్న. వంతకు నేను పెట్టే నియమం ఒక్కటే: కథకుడు చెప్పిన మాటలోంచే ప్రశ్న పుట్టాలి, ఇంటి దగ్గర తయారుచేసుకుని రాకూడదు. దాంతో వినక చస్తారా! పక్క తరగతివాళ్లు గోల గోల అని ఫిర్యాదు చేసిన మాట నిజమే. ఆ పీరియడ్లు వేపచెట్టు కిందికి మార్చుకున్నాం.

ఒక పొరపాటు మాత్రం నేనే చేశాను. హాస్యం వేషాన్ని ఇంటి యాస గట్టిగా వినిపించే పిల్లలకే ఇస్తూ పోయాను, వాళ్ల నోట బాగా పండుతుందని. కొన్నాళ్లకు ఒక అమ్మాయి "మా మాటంటేనే నవ్వులాటనా సార్?" అంది. చెంప పగిలినట్టయింది. తెలంగాణ యాసనూ ఉత్తరాంధ్ర యాసనూ సినిమాల్లో ఏళ్ల తరబడి ఎవరి నోట పెట్టారో చూస్తూ పెరిగినవాణ్ణే, నేనూ అదే చేశాను. అప్పటినుంచి వేషాలు వంతులవారీగా మారతాయి. రాజు కథను కథకుడు ఇంటి యాసలోనే చెప్పొచ్చు. ఆ అమ్మాయి చెప్పిన రుద్రమదేవి కథంత సూటిగా మరెవరూ చెప్పలేదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ప్రభుత్వ పథకాల ప్రచారానికి వాడిన బుర్రకథలు కొన్ని చూశాను. కథకుడు పథకం గొప్పలు చెబుతుంటే, వంతలు "ఆహా", "భేష్" అనడమే. గజ్జెలున్నాయి, తంబుర ఉంది, ప్రాణం మాత్రం లేదు. వంత అడగడం మానేసిన చోట తిట్టు నిజమైపోతుంది. బళ్లోనూ అంతే. ఇన్‌స్పెక్షన్ రోజున మేం ముందే ప్రశ్నలు పంచిపెట్టి ఆడించిన కథ ఒకటుంది, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గే.

పోయిన ఏడాది ఎనిమిదో తరగతి పిల్లలు మా ఊరి చెరువు కథ ఎత్తుకున్నారు. కథకుడు గట్టు మీద తాటిచెట్లనూ, అలుగు పారిన రోజులనూ బాగానే వర్ణించాడు. హాస్యం వేషం కట్టిన పిల్ల డబ్బా మీద దరువు ఆపి, "అంత పెద్ద చెరువు కదా, మరి మీ ఇల్లు దాంట్లోకి ఎట్లా వచ్చింది?" అంది. చీటీలో లేని ప్రశ్న. తరగతి గొల్లుమంది. కథకుడు రెండడుగులు వెనక్కి వేసి, మూడో అడుగు దగ్గర ఆగి, "మా తాత కొన్నాడంట. అమ్మినాయన ఎవరో రేపు అడిగొచ్చి చెప్తా" అన్నాడు. మరుసటి రోజు పిల్లలెవరూ పుస్తకాలు తియ్యలేదు. కథ మిగిలే ఉంది సార్ అన్నారు.